ఇంట్లోనే ఎనిమిది అడుగుల తెరచాప పడవ: కొలతలు, పనితీరు, మన ఎండలో ఎపాక్సీ

మూడు ప్లైవుడ్ షీట్లు, ఓ ఏడు కిలోల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), రెండు మూడు వెదురు బొంగులు, ఒక టార్పాలిన్ పట్ట ఉంటే ఇద్దరు కూర్చుని గాలివాలుకు తిరిగే చిన్న పడవ తయారవుతుంది. వడ్రంగం కొత్తవాళ్ళకూ చేతనయ్యేలా దీని ఆకారాన్ని వీలైనంత సులువు చేశాం. పక్క పలకలు రెండూ నిటారుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. అడుగు పలక ఒక్కటే ముందు వెనకలకు పైకి వంగుతుంది. చూడటానికి పెట్టెలా ఉన్నా నీటి మీద బాగానే నడుస్తుంది. ఆకారం కష్టపెట్టదు కాబట్టి మీ శ్రద్ధంతా అసలు చోట పెట్టవచ్చు. ఇలాంటి పడవలను పాడుచేసేది తుఫాను కాదు, ప్లై అంచుల్లోంచి లోపలికి పాకే నీరు. ఈ మార్గదర్శిలో సగం ఆ నీటిని ఆపడం గురించే.

పలకలను తీగతో కుట్టి, మూలల్లో ఎపాక్సీ లప్పం పెట్టి, పైన గాజుగుడ్డ అతికే పద్ధతి ఇది. 1960ల మొదట్లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ రూపొందించిన మిర్రర్ పడవతో ఈ పద్ధతి ఇళ్ళలోకి వచ్చింది. అప్పటిదాకా పడవ కట్టాలంటే పక్కటెముకల్లాంటి చట్రం చెక్కాలి, వంపు తిరిగిన ఏటవాలు అతుకులు కుదరాలి. కుట్టు పద్ధతిలో ఆ రెండూ అక్కర్లేదు.

ఏ నీటికి, ఏ కాలంలో

మైపాడు, కొత్తపట్నం, పాకల బీచిల దగ్గర ఒడ్డున విరిగే అలల్లోంచి ఈ పడవను సముద్రంలోకి దించకండి. ముందు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి విరిగే అల నేరుగా లోపలికి దూకుతుంది. చెరువులు, నీళ్ళు నిలకడగా ఉన్న కాలువ భాగాలు, ఏటి మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) లోపలి ప్రశాంతమైన నీరు దీనికి సరిపోతాయి. కృష్ణపట్నం దగ్గర ఓడలు తిరిగే దారిలోకి అసలే వెళ్ళకూడదు. పులికాట్ సరస్సు (ఆంధ్ర వైపు భాగం పాత నెల్లూరు జిల్లాలోది, 2022 నుంచి తిరుపతి జిల్లా) సగటున మీటరు లోతే కాబట్టి ఇలాంటి పడవకు సరిగ్గా సరిపోతుంది. అయితే అది పక్షుల అభయారణ్యం. అటవీ శాఖను అడగకుండా దిగకండి. ఫ్లెమింగోలు దిగి ఉన్న వైపు అనుమతి ఉన్నా వెళ్ళకండి. తాగునీటి చెరువులు, రిజర్వాయర్ల విషయంలోనూ ముందు అడిగి తెలుసుకోండి.

పని మొదలుపెట్టడానికి జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది, తుఫానులు వస్తాయి. మే నెల ఎండలో కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే గడ్డ కడుతుంది.

రేకుల షెడ్డయినా, వరండా అయినా 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు స్థలం కావాలి. ఇంట్లోంచి పడవ బయటికి రాదేమోనన్న భయం అక్కర్లేదు. వెడల్పు నాలుగు అడుగుల పైనే అయినా లోతు 400 మి.మీ. మాత్రమే. పక్కకు తిప్పి నిలబెడితే మూడు అడుగుల తలుపులోంచి వచ్చేస్తుంది.

సామాను

- 6 మి.మీ. మెరైన్ ప్లై, 8×4 అడుగుల షీట్లు మూడు
- 18 మి.మీ. మెరైన్ ప్లై ముక్క 4×2 అడుగులు, ఒకటి
- ముడులు లేని టేకు లేదా పైన్ రీపర్లు: 25×40 మి.మీ.వి ఎనిమిది అడుగులవి నాలుగు, 20×40వి మూడు, 20×20వి రెండు
- ఎపాక్సీ రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి ఏడు కిలోలు
- చదరపు మీటరుకు 200 గ్రాముల నేత గాజుగుడ్డ, ఏడెనిమిది మీటర్లు
- ప్లాస్టిక్ జిప్ టైలు రెండు వందలు, లేదా మెత్తటి రాగి తీగ
- జల్లించిన సన్న రంపపు పొట్టు రెండు కిలోలు, ఫ్యూమ్డ్ సిలికా (ఎపాక్సీని చిక్కబరిచే తేలికపాటి పొడి) పావుకిలో
- వెదురు బొంగులు, 12×8 అడుగుల మందపాటి టార్పాలిన్, తాళ్ళు, స్టెయిన్‌లెస్ బోల్టులు, రెండు పాళ్ళు కలిపే పాలియురేతేన్ పెయింటు

ప్లై కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) ముద్ర చూడండి. షాపులో "వాటర్‌ప్రూఫ్" అని చూపించేది చాలాసార్లు ఐఎస్ 303 రకం. అది వంటింటి అల్మారాలకు చాలుగాని పడవ అడుగుకు చాలదు. 710 ప్రమాణంలో ముక్కను 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదు. మీరు అన్ని గంటలు ఉడికించనక్కర్లేదు. అరచేయంత ముక్క అడిగి తెచ్చుకుని నాలుగైదు గంటలు మరగబెట్టండి. ఆరాక అంచులో ఉలి గుచ్చి విడదీయండి. చెక్క పీచులు చీలి వస్తే మంచిది. జిగురు పొర దగ్గర శుభ్రంగా, నున్నగా ఊడితే ఆ షీటు వద్దు. నాలుగు అంచులూ చూడండి. మధ్య పొరల్లో ఖాళీలు కనిపిస్తే నీరు అక్కడ నిలిచి లోపల్నుంచి కుళ్ళబెడుతుంది.

ఎపాక్సీ విషయంలో ఇంకా జాగ్రత్త. మన తీరంలో ఫైబరు పడవలు కట్టేవాళ్ళు ఎక్కువగా వాడేది పాలియెస్టర్ రెజిన్. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. గాజుకు బాగానే పట్టుకుంటుంది, చెక్కకు మాత్రం సరిగా పట్టదు. ఒకటి రెండేళ్ళలో పొరలా లేచిపోతుంది. దాని హార్డెనర్ చుక్కల లెక్కన కలుపుతారు. ఎపాక్సీ హార్డెనర్‌ను తూకం లేదా కొలత ప్రకారం కలుపుతారు. షాపువాళ్ళు చుక్కలు వేయమన్నారంటే మీ చేతిలో ఉన్నది ఎపాక్సీ కాదు.

పక్క పలకలు గీయడం

మొదటి షీటులోంచి రెండు పక్క పలకలు, ముందు పలక, వెనక పలక వస్తాయి. షీటు పొడవు అంచే పడవ పై అంచు అవుతుంది. ముందు కొన నుంచి ఆ అంచు వెంట దూరాలు కొలిచి, ప్రతి గుర్తు దగ్గర మూలమట్టం పెట్టి కిందికి లోతు గుర్తించండి.

- 100 మి.మీ. దగ్గర లోతు 230
- 400 దగ్గర 304
- 700 దగ్గర 358
- 1000 దగ్గర 389
- 1300 దగ్గర 400 (అన్నిటికంటే లోతైన చోటు)
- 1600 దగ్గర 390
- 1900 దగ్గర 360
- 2200 దగ్గర 310
- 2380 దగ్గర 270

ముందు కొన పై మూల 0 దగ్గర, కింది మూల 100 దగ్గర ఉంటుంది. ఆ రెంటినీ కలిపే వాలు గీత మీద ముందు పలక నిలుస్తుంది. వెనక పై మూల 2440 దగ్గర, కింది మూల 2380 దగ్గర.

ప్రతి గుర్తు మీద చిన్న మేకు దిగ్గొట్టి, ముడులు లేని సన్నటి దబ్బను (వంగే చెక్క బద్దను) మేకుల వెంట వంచండి. ఒక కన్ను మూసి దబ్బ కొన నుంచి వంపు పొడవునా చూడండి. ఎక్కడైనా లొత్తగానో ఉబ్బుగానో కనిపిస్తే దబ్బ చెప్పిందే నమ్మి ఆ మేకును ఒకటి రెండు మి.మీ. జరపండి. వంపు నునుపుగా ఉండటం కొలత కంటే ముఖ్యం. ఒక పలకను గీతకు రెండు మి.మీ. బయటగా కోసి, దాన్ని అచ్చుగా పెట్టి రెండోది గీయండి. తర్వాత రెంటినీ కలిపి సీ క్లాంపులతో బిగించి ఒకేసారి చిత్రిక పట్టండి. రెండు పక్కలూ ఒకేలా ఉంటే పడవ నేరుగా పోతుంది. రెండూ ఒకే తప్పుతో ఉన్నా ఫరవాలేదు.

మిగిలిన పట్టీలోంచి ముందు పలక 1188×251, వెనక పలక 1188×277. రెండో షీటు మొత్తం అడుగు పలకే. వంపు వెంట కొలిస్తే దాదాపు 2306 మి.మీ. పొడవు పడుతుంది కాబట్టి అతుకు లేకుండా ఒకే షీటులో సరిపోతుంది. దాన్ని ఇప్పుడే కోయకండి. మూడో షీటులోంచి పడవ లోపల అడ్డంగా నిలిచే రెండు అడ్డగోడలు (ముందుది 1188×342, వెనకది 1188×360), ముందు మూత పలక 610×1200, వెనక మూత పలక 550×1200. మిగిలింది చుక్కాని చెంపలకు (చుక్కాని రెక్కను రెండు వైపులా పట్టి ఉంచే పలకలకు), ఊతం ముక్కలకు పనికొస్తుంది.

కుట్టడం

ముందు అడ్డగోడ 600 దగ్గర, వెనకది 1900 దగ్గర నిలుస్తాయి. పలకలు కలిసే అంచుల్లో 10 మి.మీ. లోపలికి, 120 మి.మీ. ఎడంతో 3 మి.మీ. రంధ్రాలు వేసి జిప్ టైలు వదులుగా కట్టండి. పక్కలు, అడ్డగోడలు, ముందు వెనక పలకలు అన్నీ నిలిచాకే ఒక్కొక్కటి బిగించండి. మొదటి టైనే గట్టిగా లాగితే చివర్లో పలక కుదరదు.

ఇప్పుడు రెండు పరీక్షలు. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు, ముందు కుడి నుంచి వెనక ఎడమకు టేపు పట్టండి. తేడా 3 మి.మీ. దాటకూడదు. తర్వాత రెండు అడ్డగోడల మీద ఒక్కో వంకరలేని రీపరు అడ్డంగా పెట్టి, ముందు నిలబడి ఒకదాని మీదుగా రెండోదాన్ని చూడండి. రెండూ సమాంతరంగా కనిపించాలి. లేదంటే పడవ మెలి తిరిగి ఉంది. ఈ దశలో దిగువకు ఉన్న మూల కింద చెక్కముక్క పెడితే సరిపోతుంది. లప్పం గట్టిపడ్డాక ఆ మెలిక ఎప్పటికీ పోదు.

సరిగ్గా ఉందనుకున్నాక బోర్లించి అడుగు షీటును పరవండి. పక్కలకు చెరో 10 మి.మీ. బయటికి వచ్చేలా చూసి, లోతైన 1300 దగ్గర మొదలుపెట్టి రెండు వైపులకూ కుడుతూ పోండి. 6 మి.మీ. ప్లై ఈ వంపుకు తడపకుండానే వంగుతుంది. బయటికి వచ్చిన అంచును తర్వాత చిత్రిక పట్టి తీసేస్తారు.

ఎపాక్సీ పని

అందరూ ఇబ్బంది పడేది ఇక్కడే. అందులోనూ మన వేడికి.

వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడు ఎపాక్సీ గట్టిపడే వేగం దాదాపు రెండింతలవుతుంది. డబ్బా మీద 25 డిగ్రీల దగ్గర అరగంట అని ఉంటే మన 35 డిగ్రీల మధ్యాహ్నం అది పావుగంటే. ఒకేసారి 150 గ్రాములకు మించి కలపకండి. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి వంచండి. ఇరుకు మగ్గులో అరకిలో కలిపి పెడితే తన వేడికి తానే పొగలు కక్కి మగ్గును కరిగిస్తుంది. హార్డెనర్లలో నెమ్మది రకం అడిగి తీసుకోండి.

పాళ్ళు కంపెనీని బట్టి మారతాయి. షాపుల్లో తరచు దొరికే ఎల్‌వై 556 రెజిన్‌కు హెచ్‌వై 951 హార్డెనర్ తూకంలో 100కు 10 పాళ్ళు. ఇంకొన్ని రకాలు 2కు 1. ఏదైనా వంటింటి డిజిటల్ కాటా మీదే తూచండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ వేస్తే గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. ఆ జిగట పొరను గీకి తీయడం తప్ప దారి లేదు. రెండు నిమిషాలు పూర్తిగా, మూలలు గీకుతూ కలపండి.

ఏ సమయంలో పూయాలన్నది చాలామంది పట్టించుకోరు. పొద్దున్నే ప్లైకి పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా బయటికి వస్తుంది. ఆ ప్రతి బుడగా తర్వాత నీరు దిగే సూదిరంధ్రమే. సాయంత్రం నాలుగు తర్వాత, వేడి తగ్గుతున్నప్పుడు పూయండి. చెక్క చల్లబడుతూ పూతను లోపలికి పీల్చుకుంటుంది. తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో తెల్లవారుజామున మంచు పడుతుంది కాబట్టి పైన పట్ట కప్పండి. తేమ తగిలిన పూత మీద జిడ్డు పొర ఏర్పడుతుంది. మర్నాడు నీళ్ళతో, గరుకు స్పంజితో కడిగాకే సాండ్ పేపర్ పట్టాలి. కడగకుండా రాస్తే ఆ జిడ్డు చెక్కలోకి రుద్దుకుపోయి మీది పూత పట్టదు.

పడవను మళ్ళీ వెల్లకిలా తిప్పి, మొదట టైల మధ్య ఖాళీల్లో లప్పం ముద్దలు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు టైలు కోసి లాగేసి, అప్పుడు మూల పొడవునా పూర్తి లప్పం వేయండి. లప్పానికి ముందు ఎపాక్సీ ద్రవం, తర్వాత సిలికా, చివర రంపపు పొట్టు కలపాలి. గరిటె తిరగేసినా జారని గారెల పిండిలా రావాలి. పల్చగా ఉంటే నిలువు మూలల్లో జారిపోతుంది. మరీ పొడిగా ఉంటే చెక్కకు పట్టదు, అందుకే లప్పం వేసే చోట ముందుగా వట్టి ఎపాక్సీ బ్రష్‌తో రాయండి. పాత ఏటీఎం కార్డు మూలను 20 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా కత్తిరించి, ఒకే లాగులో మూలను నునుపు చేయండి. పక్కన మిగిలిన తోకలను ఉలితో వెంటనే తీసేయండి. గట్టిపడ్డాక అవి రాయిలా ఉంటాయి.

లప్పం ఇంకా మెత్తగా, వేలికి అంటుకోకుండా ఉన్నప్పుడే 75 మి.మీ. గాజు పట్టీ దాని మీద పరచి ఎపాక్సీతో తడపండి. తెల్లగా ఉన్న గుడ్డ పారదర్శకంగా మారితే తడిసినట్టు. తెల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ గాలి ఉంది, బ్రష్ కొనతో పొడిచి తీయండి. ఎపాక్సీ నిలిచి మెరుస్తుంటే ఎక్కువైనట్టు, గరిటెతో లాగేయండి.

లోపలి పని అయ్యాక బోర్లించి బయటి అంచులను 6 మి.మీ. గుండ్రంగా చిత్రిక పట్టండి. పదునైన మూల మీద గాజుగుడ్డ నిలవదు, పైకి లేస్తుంది. ప్రతి మూలకూ రెండు వరసల పట్టీ వేసి, అడుగు మొత్తానికీ ఒక గుడ్డ పరిచి పక్కలకు 60 మి.మీ. మడవండి. నేత కనిపించకుండా పోయేదాకా మరో రెండు పూతలు. ఇసుకలో ఈడ్చేది అడుగే కాబట్టి 20×40 రీపర్లు మూడు పొడవునా, 300 మి.మీ. ఎడంతో ఎపాక్సీతో అతికించండి. ఇవి అడుగు ఊగకుండా బలమూ ఇస్తాయి.

ప్లై కోసిన ప్రతి అంచుకూ, వేసిన ప్రతి రంధ్రానికీ మూడు పూతలు ఎపాక్సీ పట్టించండి. బోల్టు రంధ్రాన్ని కావలసినదానికంటే 4 మి.మీ. పెద్దగా తొలిచి, ఎపాక్సీ లప్పంతో నింపి, గట్టిపడ్డాక సరైన సైజుకు మళ్ళీ తొలవండి. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క అసలు తడవదు. టేకు రీపర్లు అతికేముందు అసిటోన్ గుడ్డతో తుడవండి, దానిలోని నూనె అతుకును చెడగొడుతుంది.

చేతికి గ్లవ్స్ లేకుండా ఎపాక్సీ ముట్టకండి. కొందరికి చర్మం ఒకసారి పడకపోతే ఇక జీవితాంతం పడదు. చర్మం మీద పడితే సబ్బు నీళ్ళతో కడగండి, థిన్నర్ వద్దు. గాజుగుడ్డ మీద సాండ్ పేపర్ రాసేటప్పుడు ముక్కుకు మాస్క్ తప్పనిసరి.

గాలి గదులు, అంచు కర్రలు

పక్క పలకల పై అంచుకు లోపలా బయటా 25×40 రీపర్లు అతికించండి. పై అంచు వంపులేని గీతే కాబట్టి వంచే పని లేదు. అడ్డగోడల పైన, ముందు వెనక పలకల పైన 20×20 రీపర్లు పెడితే మూత పలకలు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

ముందు అడ్డగోడకు ముందున్న గదిలో, వెనకదానికి వెనకున్న గదిలో కలిపి 370 లీటర్ల దాకా గాలి ఉంటుంది. పడవ తిరగబడినా మునగనివ్వనిది ఇదే. మూత వేసేముందు లోపల మూడు పూతలు వేయండి, తర్వాత చెయ్యి దూరదు. చుక్కాని బోల్టులకు వెనక పలక లోపలి వైపు 40 మి.మీ. చెక్క ఊతం అతికించి బోల్టులు ఇప్పుడే బిగించండి. మూత పడ్డాక నట్టు అందదు.

ప్రతి గదికీ అడ్డగోడలో ఒక స్క్రూ మూత అవసరం. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా మెడను కోసి సీలెంటుతో బిగించినా సరిపోతుంది. పడవ ఒడ్డున ఉన్నంతసేపూ ఆ మూతలు తెరిచే ఉంచాలి. ఎండలో లోపలి గాలి ఉబ్బి అతుకులను నెడుతుంది. వేడెక్కిన గదిని మూసి చల్లటి నీళ్ళలో దింపితే గాలి కుంచించుకుపోయి ఎక్కడ సూదిరంధ్రం ఉంటే అక్కడ నీటిని పీల్చుకుంటుంది. కారడం చూడాలంటే అతుకుల మీద సబ్బు నురగ రాసి, గొట్టంతో నోటితో మెల్లగా ఊదండి. కంప్రెసర్ పెడితే మూత పలక ఊడుతుంది.

తెరచాప, కొయ్య

కొయ్య అంటే తెరచాపను నిలబెట్టే స్తంభం. అది 2.8 మీటర్లు, మొదట్లో 55–60 మి.మీ. లావు ఉన్న ముదురు వెదురు. పచ్చిది ఆరాక నిలువునా చీలుతుంది, కాబట్టి బాగా ఆరినదే తీసుకుని కణుపుల మధ్య నైలాన్ దారం దగ్గరగా చుట్టి ఎపాక్సీ పట్టించండి. సరుగుడు (సర్వి) బలమైనదే కాని ఇంత చిన్న పడవకు పైన బరువెక్కువ. తెరచాప పై, కింది అంచులను కట్టే పై గెడ, కింది గెడ 2.1 మీటర్లు చొప్పున, 35 మి.మీ. లావువి.

కొయ్య ముందు అడ్డగోడకు వెనకే, 640 దగ్గర నిలుస్తుంది. గాలి గదికి రంధ్రం పడకూడదనే ఆ చోటు. అడుగున 40 మి.మీ. మందం చెక్క దిమ్మెకు రంధ్రం తొలిచి అతికించండి. పైన అడ్డగోడకు ఆనించి పక్క నుంచి పక్కకు 25 మి.మీ. మందం అడ్డ పలక వేసి అందులోంచి కొయ్యను దింపండి.

తెరచాపకు నాలుగు మూలలు. టార్పాలిన్‌ను నేల మీద చదునుగా పరిచి గీయండి: కింది అంచు 2000, ముందు అంచు 1350, పై అంచు 1950, వెనక అంచు 2830, ముందు కింది మూల నుంచి వెనక పై కొనకు 3130. ఈ మూల కొలత తప్పితే ఆకారమే మారిపోతుంది. గాలి పడితే పొట్ట రావాలి కాబట్టి పై అంచును 40 మి.మీ., కింది అంచును 50 మి.మీ. బయటికి విల్లులా గీయండి. వెనక అంచును 30 మి.మీ. లోపలికి తీయండి, లేకపోతే గాలికి పటపటా కొట్టుకుంటుంది. మూలలకు మూడు పొరల అతుకులు వేసి, షామియానాలు, పట్టలు కుట్టే దర్జీ దగ్గర పాలియెస్టర్ దారంతో కుట్టించండి. గెడలకు కట్టే అంచుల్లో 150 మి.మీ.కు ఒక ఇత్తడి కన్ను (తాడు దూర్చే రింగు) వేయించండి. కింది అంచుకు 500 మి.మీ. పైన ఇంకో వరస కళ్ళు వేయిస్తే గాలి ఎక్కువైనప్పుడు మడిచి కట్టుకోవచ్చు. మొత్తం 3.6 చదరపు మీటర్లలో పావు వంతుకు పైగా తగ్గుతుంది.

పై గెడను ముందు కొన నుంచి దాదాపు 700 మి.మీ. దగ్గర ఎత్తే తాడుకు కట్టండి. తెరచాప ముందు మూల పడవ ముందు కొనకు 150 మి.మీ. వెనక రావాలి. కింది గెడను కొయ్య దగ్గర బలంగా కిందికి లాగే తాడు ఒకటి ఉంటుంది, ఈ రకం తెరచాపకు ప్రాణం అదే. పై ముందు మూల నుంచి కింది వెనక మూలకు ఏటవాలు ముడత కనిపిస్తే ఆ తాడు వదులైందని అర్థం. ఎత్తే తాడు పాలియెస్టర్‌దే కొనండి, నైలాన్ సాగుతుంది. 6 మి.మీ.ది ఏడు మీటర్లు, తెరచాపను అదుపు చేయడానికి చేత్తో పట్టుకునే తాడు 8 మి.మీ.ది ఆరు మీటర్లు.

పక్క రెక్క, చుక్కాని

గాలి పక్క నుంచి నెడితే పడవ పక్కకే జారిపోకుండా ఆపేది పక్క రెక్క. 18 మి.మీ. ప్లైలో 1200×250. కుడి పక్కన 1150 దగ్గర, పై అంచు కర్రలోంచి 12 మి.మీ. బోల్టుతో వేలాడుతుంది. ఆ చోట పక్క పలకకు లోపల అదనపు ప్లై ఊతం అతికించండి. కింద, అడుగు మూలకు కాస్త పైన, రెక్కకు రెండు వైపులా పట్టీలు పెడితే ఏ వైపు గాలికైనా కదలకుండా ఉంటుంది. లోతు తగ్గితే నేలకు తగిలి తనంతట వెనక్కి లేస్తుంది. లోతు తక్కువ నీళ్ళలో ఈ ఏర్పాటే సుఖం.

రెక్క ముందు అంచును గుండ్రంగా, వెనక అంచును 6 మి.మీ. దాకా పల్చగా చిత్రిక పట్టండి. ప్లై పొరల గీతలే మీకు కొలత. అవి పొడవునా సమాంతరంగా ఉంటే చెక్కుడు సమానంగా ఉన్నట్టు. చుక్కాని రెక్క 700×230, రెండు చెంపల మధ్య 10 మి.మీ. బోల్టు మీద తిరగాలి. వెనక పలకకు రెండు, చెంపలకు రెండు 8 మి.మీ. స్టెయిన్‌లెస్ ఐబోల్టులు (తల రింగులా ఉండే బోల్టులు) పెట్టి నిలువునా ఒక ఊచ దింపితే చుక్కాని వేలాడుతుంది. ఉప్పునీటికి 316 రకం స్టీలు మంచిది. ఇనుప మేకు, ఇనుప స్క్రూ ఒక్కటి కూడా వద్దు.

పెయింటు

ఎపాక్సీ ఎండకు పొడిబారి పొరలు లేస్తుంది, పెయింటు తప్పనిసరి. వారం ఆరనిచ్చి, కడిగి, 120 నంబరు సాండ్ పేపర్ రాసి వేయండి. మామూలు ఎనామెల్‌ను తాజా ఎపాక్సీ మీద వేస్తే రోజుల తరబడి ఆరదు. రంగు తెలుపో లేత పసుపో కావాలి. నెల్లూరు వేసవి ఎండలో ముదురు నీలం పలక తాకలేనంత వేడెక్కి ఎపాక్సీ మెత్తబడుతుంది.

మొదటిసారి నీళ్ళలో

నడుము లోతు నీళ్ళలో తెరచాప లేకుండా దించి, ఇసుక బస్తాలు పెట్టి గంటసేపు వదిలేయండి. పడవ, సామాను, ఒక మనిషి కలిసి 130 కిలోలయితే అడుగు 9 సెం.మీ. మునుగుతుంది, 200 కిలోలకు 12 సెం.మీ. దీనికంటే ఎక్కువ దిగితే బరువెక్కువ పడింది, లేదా లోపలికి నీరు వస్తోంది. తర్వాత కావాలనే తిరగేసి, మళ్ళీ నిలబెట్టి, నీళ్ళు తోడి చూడండి. లోతు నీళ్ళలోకి వెళ్ళకముందే ఇది చేతికి రావాలి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే.

ఆకులు, చిన్న రెమ్మలు మాత్రమే కదిలే గాలి చాలు. దుమ్ము లేచి కొమ్మలు ఊగుతుంటే, నీటి మీద తెల్ల నురగలు కనిపిస్తుంటే ఆ రోజు వద్దు. తీరం దగ్గర మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలి మిమ్మల్ని ఒడ్డు వైపే నెడుతుంది. మే, జూన్ నెలల పడమటి గాలి మాత్రం సముద్రం వైపు తోస్తుంది. ఒడ్డున నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది కాబట్టి మోసపోతారు. పడమటి గాలి వీస్తుంటే ఏటి మొగల దగ్గర తెరచాప ఎత్తకండి.

నడుస్తుండగా చుక్కాని వదిలి చూడండి. పడవ మెల్లగా గాలి వైపు తిరగాలి. గాలికి దూరంగా తిరిగితే పక్క రెక్క కొనను ముందుకు జరపండి. మరీ బలంగా గాలి వైపు లాగుతుంటే వెనక్కి జరపండి. వెనక గళగళమని చప్పుడు వస్తే మీరు మరీ వెనక కూర్చున్నారు, వెనక పలక నీళ్ళను ఈడుస్తోంది. ముందుకు జరగండి.

ఉప్పునీళ్ళలో తిప్పిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, బోర్లించి నీడలో పెట్టండి. అడుగున గీత పడి చెక్క కనిపిస్తే ఆ రోజే ఎపాక్సీ రాయకండి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, గీత చుట్టూ సాండ్ పేపర్ రాసి, అప్పుడు పూయండి. తడి మీద పూస్తే నీటిని లోపల పెట్టి మూసినట్టే. ఏటా వర్షాలకు ముందు అడ్డగోడల మూలలు, బోల్టు రంధ్రాలు, అడుగు రీపర్ల చుట్టూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా మోగితే అక్కడ పూత తీసి చూడాలి.